తెరవొద్దు, ఆరిపోనివ్వొద్దు

చి. కార్తీక్‌కి,


రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సినదాంట్లో సగమే చెప్పగలిగాను. మీ రూములో తలా ఒక మాట అంటుంటే నా మాట నీకు సరిగ్గా వినపడనేలేదు. అందుకే తెల్లవారుజామునే లేచి కూర్చుని రాస్తున్నాను. కాగితాలు ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పెట్టమని మీ అత్తయ్యకి ఇస్తాను. కాలేజీకి బయల్దేరేలోపు మొత్తం చదువు.

నువ్వు చెప్పినదాన్నిబట్టి జరిగింది ఇదీ. నిన్న సాయంత్రం ఏలూరులో ఎక్స్‌ప్రెస్ ఎక్కావు. విజయవాడ నెహ్రూ బస్టాండులో అందరూ దిగిపోయాక పై నుంచి బ్యాగు తీసుకుంటుంటే, సీటుకీ కిటికీ కింద రేకుకీ మధ్య ఇరుక్కుపోయిన ఫోను కనపడింది. కండక్టర్ అప్పటికే దిగిపోయాడు. నీకేమో హాస్టల్ టైమైపోతోంది. జేబులో వేసుకుని వచ్చేశావు. ఫోన్‌కి లాక్ ఉంది. సిమ్ తీసి పారెయ్యమని ఒకడు, షాపులో ఇస్తే ఫ్లాష్ కొట్టి ఇస్తారని ఇంకొకడు, పోలీసుల దగ్గరికి వెళ్తే నిన్నే ఇరికిస్తారని మరొకడు. నువ్వు మాత్రం "ఎవరిదో పాపం, వాళ్ళకి ఎలా చేర్చాలి మామయ్యా" అని అడిగావు. ఆ మాటకి నాకు కడుపు నిండింది. జవాబు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు ఒక్క సంగతి మనసులో గట్టిగా పెట్టుకో. ఆ ఫోన్ తెరవడం నీ పని కాదు. ఆ ఫోన్ వాళ్ళకి నువ్వు దొరకడం నీ పని. వాళ్ళు నిన్న రాత్రి నుంచే వెతుకుతూ ఉంటారు. ఆ నంబరుకి మళ్ళీ మళ్ళీ చేస్తుంటారు, డిపోకి చేస్తుంటారు, ఇవాళ పొద్దున ఎవరో ఒకరు బస్టాండుకి వచ్చి ఎంక్వయిరీ కిటికీ దగ్గర నిలబడతారు. వాళ్ళు ఎక్కడెక్కడ వెతుకుతారో అక్కడల్లా నీ కబురు ఉండాలి. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

అన్నిటికన్నా ముందు ఛార్జింగ్ పెట్టు. ఎందుకింతగా చెప్తున్నానంటే, ఫోన్ ఒకసారి ఆరిపోయి మళ్ళీ ఆన్ అయితే, ఓనరు వచ్చి పిన్ కొట్టేదాకా లోపలున్న కాంటాక్టులు ఆ ఫోనుకే అందవు. ఇప్పుడైతే వాళ్ళమ్మ చేస్తే "అమ్మ" అనే పడుతుంది. ఆరిపోయి లేచాక అదే కాల్ ఉత్త నంబరుతో వస్తుంది. కొన్ని ఫోన్లలో వైఫై కూడా తనంతట తాను కలవదు. ఆన్‌లో ఉన్న ఫోను నీకు సగం పని చేసిపెడుతుంది. ఆరిపోయి లేచిన ఫోను కళ్ళకి గంతలు కట్టుకుని కూర్చున్నట్టే. కాబట్టి దాన్ని స్విచాఫ్ చెయ్యకు, ఫ్లయిట్ మోడ్‌లో పెట్టకు.

సిమ్ ముట్టుకోవద్దు. వాళ్ళకీ నీకూ మధ్య నేరుగా ఉన్న దారి ఆ సిమ్ ఒక్కటే. పైగా ఆ దారి ఎక్కువసేపు తెరిచి ఉండదు. ఫోన్ పోయిందని తెలిసిన మనిషి ఇవాళో రేపో కంపెనీ స్టోరుకి వెళ్ళి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా, బ్యాంకులూ యూపీఐ అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి కదా. కొత్త సిమ్ పనిచెయ్యడం మొదలుపెట్టగానే నీ దగ్గరున్న ఫోన్లో పాత సిమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత ఎవరెన్నిసార్లు చేసినా ఆ ఫోన్ మోగదు. కాబట్టి ఈ మొదటి రోజే విలువైనది. "ఆదివారం తీరిగ్గా చూద్దాంలే" అంటే కుదరదు.

పిన్ ఊహించి కొట్టడం, ప్యాటర్న్ గీసి చూడడం అసలే వద్దు. నాలుగైదు తప్పులకే ఫోన్ నిమిషాలు, గంటలు అని గడువు పెట్టి కూర్చుంటుంది. ఐఫోన్‌లో అయితే పదిసార్లు తప్పు కొడితే మొత్తం చెరిపేసే సెట్టింగు ఒకటుంది, కొందరు దాన్ని ఆన్ చేసి పెట్టుకుంటారు. నువ్వు మంచి మనసుతో కొట్టినా వాళ్ళ పిల్లల ఫొటోలు పోతే పోయినట్టే. ఇంకో మాట, లాక్ వేసుకున్నారంటే లోపలిది ఎవరూ చూడొద్దని కదా అర్థం. ఆడపిల్ల ఫోన్ కావచ్చు, ఎవరి జబ్బు రిపోర్టులైనా ఉండొచ్చు. సాయం చెయ్యడానికే అయినా లోపలికి తొంగిచూసే హక్కు మనకి లేదని నా గట్టి నమ్మకం. చూడకుండానే సాయం చెయ్యడానికి కావలసినంత దారి ఉంది.

కాల్ వస్తే లాక్ తియ్యకుండానే ఎత్తొచ్చు, అది నీకూ తెలుసు. ఎత్తాక ఏం మాట్లాడతావన్నదే ముఖ్యం. అటు వైపు ఆ ఇంటి అమ్మో నాన్నో ఉంటారు, కొడుకు గొంతు వినపడాల్సిన చోట పరాయి గొంతు వినపడుతుంది. "ఎవరండీ?" అని నువ్వు మొదలుపెడితే వాళ్ళ గుండె జారిపోతుంది, యాక్సిడెంట్ అయిందనే అనుకుంటారు. బస్టాండు కంట్రోలర్ ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఫోన్లు నేను చాలా ఎత్తాను. అందుకే మొదటి ఊపిరిలోనే ఇలా అను: "ఈ ఫోన్ ఏలూరు-విజయవాడ బస్సులో సీటు పక్కన దొరికిందండీ. నేను స్టూడెంట్‌ని. మనిషికేం కాలేదు, కంగారుపడకండి, ఉత్త ఫోన్ మర్చిపోయారంతే." ఆ తర్వాతే మీరెవరు, వాళ్ళకి ఏమవుతారు అని అడుగు.

అది ఆడవాళ్ళ ఫోన్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. రాత్రిపూట ఆమె నంబరుకి చేస్తే మగగొంతు పలికిందంటే కొన్ని ఇళ్ళలో ఆమెకే చిక్కు వస్తుంది. అలా ఉండకూడదు, కానీ ఉంది. అలాంటప్పుడు బస్సు పేరు, దొరికిన చోటు, మీ హాస్టల్ పేరు చెప్పేసి, "మా అత్తయ్యతో మాట్లాడండి" అని మీ అత్తయ్య నంబరు ఇచ్చెయ్. ఆమె మాట్లాడుతుంది, నేను చెప్పి ఉంచాను.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని రెండుసార్లు చదువు. ఎవరైనా ఫోన్ చేసి "ఆ ఫోన్ నాదే బాబూ, ఇప్పుడొక మెసేజ్ వచ్చింది చూడు, అందులో ఆరంకెలు చదివి చెప్పు" అనొచ్చు. చెప్పొద్దు. అది ఓటీపీ. లాక్ ఉన్నా కొన్ని ఫోన్లలో మెసేజ్ తెర మీద కనపడుతుంది. నిజమైన ఓనరే అడిగినా సరే, వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాక చూసుకోమను. ఆ అంకెలతో ఒకరి బ్యాంకు ఖాతా ఖాళీ అయిందంటే, ఆ టైములో ఫోన్ నీ దగ్గర ఉందన్న నిజం నీ మెడకి చుట్టుకుంటుంది. ఫోన్‌ని తెర కిందికి పెట్టి బోర్లించు. కాల్ వస్తే శబ్దానికే తెలుస్తుంది.

కాల్ వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. లాక్ తెర మీద "ఎమర్జెన్సీ" అని ఉంటుంది. అది నొక్కితే ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ సమాచారం, ఐఫోన్‌లో మెడికల్ ఐడీ కనపడతాయి. ఓనరు ముందుగా నింపి పెట్టుకుని ఉంటే ఇంట్లోవాళ్ళ నంబర్లు అక్కడ ఉంటాయి, లాక్ తియ్యకుండానే వాళ్ళకి చెయ్యొచ్చు. అందుకోసమే కంపెనీలు ఆ సౌకర్యం పెట్టాయి కాబట్టి దాన్ని చూడడం తప్పేమీ కాదు. చాలామంది అది ఖాళీగా వదిలేస్తారనుకో, అయినా ఒకసారి చూడు. అందులో 112 మాత్రం నొక్కొద్దు, అది ప్రాణం మీదికొచ్చిన వాళ్ళ కోసం.

తర్వాత కవరు సంగతి. పసుపెక్కిపోయిన పారదర్శక కవరని, వెనక ఏదో మడత కాగితం కనపడుతోందని చెప్పావు. మన వాళ్ళకి ఫోన్ కవరే చిన్న బీరువా. పది రూపాయల నోటు, దుర్గమ్మ ఫొటో, ఆస్పత్రి ఓపీ చీటీ, బస్ పాసు, ఒక్కోసారి ఏటీఎం కార్డు కూడా. నీ రూమ్మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తీసి చూడు, చూశాక ఉన్నదున్నట్టు మళ్ళీ మడిచి పెట్టెయ్. ఓపీ చీటీ అయితే ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి చీటీ నంబరు చెప్పి, ఫలానావారి ఫోన్ దొరికిందని కబురు చెయ్యమను. ఏటీఎం కార్డు అయితే ఆ బ్యాంకు బ్రాంచికి వెళ్ళు. కస్టమర్ నంబరు వాళ్ళు నీకివ్వరు, ఇవ్వకూడదు కూడా, కానీ వాళ్ళ రికార్డులో ఉన్నదానికి వాళ్ళే చెయ్యగలరు. ఆ కార్డునో ఆధార్ జిరాక్సునో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టే పని మాత్రం చెయ్యకు. మీ కాలేజీ గ్రూపులో పెట్టాలనిపిస్తే "ఏలూరు-విజయవాడ బస్సులో ఒక ఫోన్ దొరికింది, పోగొట్టుకున్నవారు గుర్తులు చెప్పండి" అని ఆపు. రంగు, కంపెనీ, తెర మీద బొమ్మ, ఏదీ రాయకు. అన్నీ నువ్వే రాసేస్తే వచ్చినవాణ్ణి ఇంక ఏమని అడుగుతావు?

ఇప్పుడు డిపో సంగతి, ఇది నా సొంత ఇలాకా. బస్సులో దొరికిన ఏ వస్తువైనా కండక్టర్ చేతికి, కండక్టర్ దొరక్కపోతే బస్టాండు కంట్రోలర్ చేతికి వెళ్ళాలి. నిన్న నువ్వు ప్లాట్‌ఫారం మీద పది నిమిషాలు ఆగి ఉంటే కండక్టర్ మళ్ళీ ఆ బస్సు దగ్గరికే వచ్చేవాడు. సరే, జరిగిపోయింది. నీ టికెట్ ఉందా? పర్సులోనో చొక్కా జేబులోనో వెతుకు. దాని మీద డిపో పేరు ఉంటుంది, బస్సు ఎక్కిన టైము ఉంటుంది. ఆ డిపోకి ఫోన్ చేసి ఫలానా టైము సర్వీసులో ఫోన్ దొరికిందని, నీ పేరు, నంబరు రాసుకోమను. ఫోన్ పోగొట్టుకున్న మనిషి దగ్గర కూడా అలాంటి టికెట్టే ఉంటుంది, స్త్రీశక్తి ఉచిత ప్రయాణం కింద ఎక్కిన ఆడవాళ్ళకి కొట్టేది సున్నా టికెట్టైనా టికెట్టే కదా. వాళ్ళూ ఆ డిపోకే చేస్తారు. ఆ రెండు ఫోన్లూ ఒకే టేబుల్ మీద కలుసుకుంటే పని అయిపోయినట్టే. మా కంట్రోలర్ గదిలో ఒక రిజిస్టరు ఉండేది. దొరికిన వస్తువు, బస్సు నంబరు, టైము, తెచ్చినవాళ్ళ పేరు అందులో రాసేవాళ్ళం. పోగొట్టుకున్నవాళ్ళు ఏడుపు మొహంతో వచ్చి, రిజిస్టరు చూసి, నవ్వు మొహంతో వెళ్ళడం నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన భాగం.

ఇదే రైల్లో దొరికి ఉంటే ఆర్పీఎఫ్ వాళ్ళకి ఇవ్వాలి, లేదా 139కి చెప్పాలి. ప్రయాణికులు మర్చిపోయిన సామాను వెతికి ఇవ్వడానికి వాళ్ళు ఆపరేషన్ అమానత్ అని ఒక పనే పెట్టుకున్నారు.

మీ వార్డెన్‌కి ఇప్పుడే చెప్పు, ఈ ఉత్తరం చదవడం అయిన వెంటనే. దానికి ఒక కారణముంది. ఓనరు ఇంకో ఫోన్ నుంచి తన గూగుల్ అకౌంటో యాపిల్ అకౌంటో తెరిచి, ఆ ఫోన్ ఎక్కడుందో మ్యాపులో చూసుకోవచ్చు. తెర మీద ఒక మెసేజ్, ఒక నంబరు పడేలా కూడా చెయ్యొచ్చు, కాబట్టి అప్పుడప్పుడు ఫోన్ తిప్పి తెర వంక చూస్తుండు. మ్యాపు చూసుకుని నలుగురు మనుషులు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారనుకో, వాళ్ళు దొంగ కోసం వచ్చిన కోపంలో ఉంటారు. వార్డెన్ "అవునండీ, మా అబ్బాయికి దొరికింది, పొద్దున్నే నాకు చెప్పాడు" అంటే ఆ కోపం అక్కడే చల్లారుతుంది. నీ నోట్‌బుక్కులో కూడా తేదీ, టైము, దొరికిన సీటు, ఎవరెవరికి ఎప్పుడు చెప్పావో రాసి పెట్టుకో.

సాయంత్రానికి ఎవరూ అందకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. మీ వాడు చెప్పిన భయం గురించి కూడా చెప్తాను. ఆ భయం ఊరికే పుట్టలేదు, స్టేషన్ మెట్లెక్కాలంటే మనబోటి వాళ్ళకి కాళ్ళు వెనక్కి లాగుతాయి. కానీ చట్టం ఏమంటోందో తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను ఉంది. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో అది 403. పరాయి సొత్తుని దురుద్దేశంతో సొంతం చేసుకుంటే ఆర్నెల్లకి తగ్గకుండా రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అయితే అదే సెక్షనులో దొరికిన వస్తువు గురించి విడిగా వివరణ రాశారు: ఓనరు కోసం కాపాడాలనో, తిరిగి ఇవ్వాలనో తీసుకున్నవాడిది నేరం కాదు. ఓనరెవరో తెలిసీ, లేదా తెలుసుకునే వీలుండీ వాడుకున్నవాడిది నేరం. తగిన ప్రయత్నం చెయ్యకుండా, ఓనరు రావడానికి సరిపడా గడువు ఇవ్వకుండా సొంతం చేసుకున్నవాడిదీ నేరమే. చూశావా, తీసుకోవడం దగ్గర తప్పు లేదు. తీసుకున్నాక నువ్వు ఏం చేశావన్నదే చట్టం అడుగుతుంది. మరుసటి రోజే ఛార్జింగుతో, సిమ్‌తో, డిపోకి చేసిన ఫోన్‌తో, వార్డెన్ సాక్ష్యంతో నడిచి వచ్చిన కుర్రాణ్ణి అనుమానించడానికి ఏమీ ఉండదు. పది రోజులు బీరువాలో పెట్టుకున్నవాడికే సమాధానం చెప్పుకోవడం కష్టం.

వార్డెన్‌నో, ఎవరైనా లెక్చరర్‌నో వెంట తీసుకెళ్ళు. ఫోన్ ఇచ్చేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఎప్పుడు, ఎక్కడ దొరికింది, ఏ కంపెనీ, ఏ రంగు, ఎక్కడ పగిలి ఉంది అన్నీ రాసి, రెండో కాపీ మీద స్టేషన్ వాళ్ళ సంతకం, ముద్ర వేయించుకో. మర్యాదగా అడిగితే వేస్తారు. అందినట్టు కాగితం లేకుండా ఫోన్ వదిలి రావద్దు.

ఫ్లాష్ కొట్టిద్దామన్న కుర్రాడికి కూడా ఈ పేజీ చదివి వినిపించు. వాడు చెడ్డవాడని నేననను, తెలియక అన్నాడు. ఐఫోన్లకి 2013 నుంచి, ఆండ్రాయిడ్‌కి 2015లో వచ్చిన వెర్షన్ నుంచి ఒక కట్టుబాటు ఉంది: మొత్తం చెరిపేసినా పాత ఓనరు అకౌంటు పాస్‌వర్డ్ అడుగుతుంది. షాపువాడు ఏదో తంటాలు పడి దాన్ని దాటించాడే అనుకుందాం, లోపల ఐఎంఈఐ అని 15 అంకెల నంబరు ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్లకి రెండు నంబర్లు. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ దేశమంతటికీ తెచ్చింది. ఫోన్ పోయినవాళ్ళు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో అక్కడ నమోదు చేస్తే ఆ నంబరుని బ్లాక్ చేస్తారు. ఇక దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచెయ్యదు, వేసిన సిమ్ ఎవరి పేరు మీద ఉందో పోలీసులకి చేరుతుంది. పోయిన ఫోన్లన్నీ టేబుళ్ళ మీద వరసగా పేర్చి ఎస్పీగారు ఓనర్లకి పంచుతున్న ఫొటోలు పేపర్లలో చూస్తుంటాం కదా, వాటి వెనక ఉన్నది ఇదే. ఇక ఐఎంఈఐ నంబరు మార్చేస్తామనే వాళ్ళుంటే, 2023 టెలికాం చట్టం ప్రకారం దానికి మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. పదివేల రూపాయల ఫోన్ కోసం చదువుకునే పిల్లాడు తన పేరు మీదున్న సిమ్‌ని అందులో పెట్టడమంటే తన జీవితం తాకట్టు పెట్టడమే.

చట్టం సంగతి అలా ఉంచు. నాకు అసలు బాధ కలిగించేది వేరే. ఫోన్ కోసం కంట్రోలర్ గదికి వచ్చినవాళ్ళలో దాని ఖరీదు గురించి ఏడ్చినవాళ్ళు నాకు తక్కువే కనపడ్డారు. కైకలూరు వైపు నుంచి ఒక చేపల రైతు వచ్చాడు ఒకసారి. బురద ఆరని చెప్పులు, చేతిలో తువ్వాలు. ఫోన్ పాతదే, అద్దం మూల పగిలింది. కానీ చెరువు పట్టుబడి రోజు తూకం వేసిన కాటా చీటీలన్నీ అతను దాంట్లోనే ఫొటోలు తీసుకున్నాడు. కాగితాలు తడిసి చిరిగిపోయాయి, కొన్నవాళ్ళ దగ్గర డబ్బు ఇంకా రావాలి. ఆ ఫొటోలు లేకపోతే ఎన్ని టన్నులు పోయాయో అతను నోటిమాటగా చెప్పుకోవాలి, అవతలివాళ్ళు ఒప్పుకున్నంతే లెక్క. ఫోన్ అప్పటికే కండక్టర్ తెచ్చి ఇచ్చాడు. నా టేబుల్ మీద దాన్ని చూడగానే అతను ముందు లాక్ తీసి ఆ ఫొటోలు ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ జరిపి జరిపి చూసుకున్నాడు, అప్పుడుగానీ కుర్చీలో కూర్చోలేదు. నీ దగ్గరున్న ఫోన్లో ఏముందో మనకి తెలియదు. చనిపోయిన మనిషి గొంతు ఉండొచ్చు, దుబాయ్‌లో ఉన్న భర్త రాత్రి తొమ్మిదింటికి చేసే వీడియో కాల్ ఉండొచ్చు, పరీక్ష హాల్‌టికెట్ ఉండొచ్చు. ఖరీదు చూసి తొందరపడడం, పాతది కదా అని నిదానించడం రెండూ వద్దు. కొత్త ఫోన్ వాళ్ళు ఇంకోటి కొనుక్కోగలరేమో, పాత ఫోన్ వాళ్ళకి అదొక్కటే దిక్కు.

ఓనరు దొరికాక ఇచ్చేటప్పుడు ఒంటరిగా వెళ్ళకు, చీకట్లో వెళ్ళకు. బస్టాండు ఎంక్వయిరీ దగ్గరికో హాస్టల్ ఆఫీసుకో వాళ్ళనే రమ్మను. నాదే అన్నవాడికి ఫోన్ ఊరికే చేతిలో పెట్టెయ్యకు. ముందు తెర కనపడకుండా నీ చేతిలోనే పట్టుకుని, కవరు వెనక ఏముందో చెప్పమను. తర్వాత నీ ఎదురుగానే లాక్ తియ్యమను. వేలిముద్రో పిన్నో, అంతకుమించిన సాక్ష్యం ఇంకోటి లేదు. లాక్ రాదు, మర్చిపోయాను, ఇంటికెళ్ళి చూసుకుంటాను అంటే స్టేషన్‌లో ఇస్తాను రండి అని చెప్పు. ముసలివాళ్ళు అయితే కొడుకో మనవడో పిన్ పెట్టి ఉంటాడు, అది వాళ్ళకి నిజంగానే తెలియకపోవచ్చు. అప్పుడు ఆ పిల్లలకి ఫోన్ కలపమను, వాళ్ళ గొంతు వింటూనే లాక్ తీయించు. చివర్లో "నా ఫోన్ నాకు అందింది" అని రెండు లైన్లు, తేదీ, సంతకం తీసుకో. మొహమాటపడకు, మా రిజిస్టరులో మేమందరి దగ్గరా తీసుకున్నాం, ఎవరూ తప్పుపట్టలేదు.

డబ్బిస్తామంటారు. తీసుకోవద్దనే నేనంటాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం దొరికిన వస్తువుని అప్పగించిన సొమ్ములా సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యత నీది. దానికోసం నీకైన ఖర్చు ఇచ్చేదాకా వస్తువు అట్టిపెట్టుకునే వీలు కూడా అదే చట్టం ఇచ్చింది. కానీ నీకైన ఖర్చేముంది, కాస్త కరెంటు, ఒక ఆటో ఛార్జీ. ముందుగా బహుమానం ప్రకటించి ఉంటే అది వేరే విషయం. ప్రకటించకుండా నువ్వు నోరు తెరిచి అడిగావంటే, ఆ క్షణం నుంచి ఆ ఫోన్ వాళ్ళకి నువ్వు అమ్ముతున్నట్టే. స్వీట్ ప్యాకెట్ తెస్తే మాత్రం కాదనకు, పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టకు. రూములో పంచుకోండి.

ఒక్కటి వాళ్ళకి గుర్తు చెయ్యి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఈలోపు వాళ్ళు సంచార్ సాథీలో ఫోన్ బ్లాక్ చేయించి ఉంటే, చేతికి వచ్చాక అదే రిక్వెస్ట్ నంబరుతో అన్‌బ్లాక్ చేయించుకోవాలి. లేకపోతే కొత్త సిమ్ వేసినా సిగ్నల్ రాక మళ్ళీ షాపుల చుట్టూ తిరుగుతారు. యూపీఐ, బ్యాంకు ఆపించి ఉంటే అవి కూడా.

ఈ హడావుడిలోనే నీ ఫోన్ సంగతి కూడా చూసుకో. ఎమర్జెన్సీ సమాచారంలో మీ అమ్మ నంబరు, నా నంబరు పెట్టు. *#06# కొడితే వచ్చే అంకెలు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వు, ఫోన్ పోయాక ఆ నంబరు ఫోన్లోనే ఉందంటే ఎవరికీ ఉపయోగం లేదు. లాక్ తెర మీద మెసేజ్ లోపలి మాట కనపడకుండా సెట్టింగు మార్చు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొంటానని పోయిన నెల అన్నావు కదా, కొనేముందు కేవైఎం అని రాసి, ఖాళీ ఇచ్చి, దాని 15 అంకెలు కొట్టి 14422కి మెసేజ్ పెట్టు, ఆ ఫోన్ సంగతి చెప్తుంది. ఆ కేవైఎం ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టాలి.

ఇవాళ నీకు మధ్యాహ్నం ల్యాబ్ ఉందని మీ అమ్మ చెప్పింది. ల్యాబ్‌లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి దొరికిన ఫోన్‌ని ఆఫీసులో వార్డెన్ దగ్గర ఛార్జింగులో పెట్టి, కాల్ వస్తే ఎత్తమని, ఏం మాట్లాడాలో నేను పైన రాసినట్టే ఆయనకి చెప్పి వెళ్ళు. డిపో నంబరు దొరక్కపోతే నాకు చెయ్యి, మా పాతవాళ్ళు ఇంకా కొందరు డ్యూటీలో ఉన్నారు, కనుక్కుని పంపిస్తాను. సాయంత్రం ఐదింటికి నేనే చేస్తాను.

మీ మామయ్య
ఏలూరు